పలకని ఐదు మెట్లు

పియానో మీద ఒక పెద్ద రచన నేర్చుకోవడానికి ఎన్నాళ్లు పడుతుందో ముందుగా చెప్పగలవా అని నన్నెవరైనా అడిగితే, చెప్పగలను గానీ నా మాట నమ్మవద్దంటాను. పదిహేడేళ్ల వయసులో ఆ లెక్క ఒకసారి వేశాను. నాతోపాటు ఇంకొకరూ వేశారు. ఇద్దరం తప్పాం. ఎవరు ఎక్కువ తప్పారో ఇన్నేళ్లయినా నాకు తేలలేదు.

మాది సాలూరు పైన, ఘాటీ ఎక్కాక వచ్చే చిన్న ఊరు. ఊరంటే ఒక మిషన్ బంగళా, ఒక బడి, ఒక మందుల గది, వారానికోసారి సంత జరిగే మైదానం, చుట్టూ గూడేలు. నాన్న ఆ బడిలో పంతులు. అమ్మది సాలూరు. కొండల్లోకి కాపురానికి వచ్చి ఇరవై ఏళ్లయినా చలిని తిట్టని రోజు లేదు. బంగళాలో ఒక దొరసాని ఉండేది. భర్త పోయాక కూడా తన దేశం వెళ్లకుండా మందుల గది నడుపుతూ ఉండిపోయింది. ఆవిడ తెలుగు పుస్తకాల్లోంచి నేర్చుకున్నది. అందుకని ఆవిడ మాట్లాడితే ఎవరో ముని వచ్చి మన వాకిట్లో పాలు అడుగుతున్నట్టు ఉండేది. బంగళాలో పనికి సాయం వెళ్లే అమ్మతో “కుమారీ, కుంపటిని సమీపమునకు తెమ్ము” అనేది. అమ్మ చాటుగా నవ్వుకునేది, కుంపటి మాత్రం తెచ్చేది.

పియానో ఆ బంగళాకి వచ్చింది పెద్ద యుద్ధం ముగిసిన ఏడు. నాకప్పుడు ఎనిమిదేళ్లు. సాలూరు దాకా రైల్లో, అక్కడి నుంచి ఘాటీ మొదలు దాకా ఎడ్లబండి మీద వచ్చింది. ఆ పైన మలుపుల్లో అంత బరువు లాగించలేమని బండివాళ్లు చేతులెత్తేశారు. దొరల పల్లకీలు మోసే గదబవాళ్లను పదహారు మందిని పిలిపించారు. నాన్న వెంట నేనూ దిగి వెళ్లాను. వాళ్ల పెద్ద ఒక ముసలాయన. పెట్టె చుట్టూ ఒకసారి తిరిగాడు, ఎత్తి చూడలేదు. నాన్న దాని బరువు చెప్పబోతే చెయ్యెత్తి ఆపేశాడు.

“బరువెంతుంటాది అనీసి మేం సూడం పంతులుబాబూ. ఎక్కడ దింపుకోవాలో సూసుకుంటాం. దింపుకోడానికి సోటుంటే ఏటైనా మోసీగలం.”

ఆయన ఒక్కడే ఘాటీ పైదాకా నడిచి, దింపడానికి వీలున్న ప్రతిచోటా దారి పక్కన రాయి మీద రాయి పెట్టి, సాయంత్రానికి దిగివచ్చాడు. వాగు మలుపు నుంచి పై వంపు దాకా మాత్రం ఒక్క చోటూ లేదట. అక్కడ దింపకుండానే మనుషుల్ని మార్చాలన్నాడు. మర్నాడు అలాగే చేశారు. ఒక భుజం వంగి తప్పుకుంటుంటే ఇంకో భుజం కిందికి దూరేది, పెట్టె మాత్రం నేల తాకలేదు. సాయంత్రానికల్లా పియానో బంగళా వరండాలో ఉంది, ఎక్కడా గీత కూడా పడకుండా.

మరుసటేడు నుంచి దొరసాని నాకు నేర్పడం మొదలుపెట్టింది. ఎందుకు నేర్పిందో నేనెప్పుడూ అడగలేదు. ఒక్కతే కూర్చుని వాయించుకోవడం విసుగై ఉంటుంది. పన్నెండేళ్లకి ఆదివారం ప్రార్థన గీతాలన్నీ నేనే వాయించేదాన్ని. పదహారుకి బంగళాలో ఉన్న పుస్తకాలు దాదాపు అయిపోయాయి. నా వేళ్లు చురుకు. చెయ్యి చిన్నది, కోపం పెద్దది. ఒక వరుస రాకపోతే పియానో మూత దభీమని వేసి ఇంటికి వచ్చేసేదాన్ని. అమ్మ నా చేతిలో అంబలి గిన్నె పెట్టి, “ఏటే గుంటా, ఆ పెట్టి నిన్నేటన్నాది?” అనేది. అంబలి తాగి మళ్లీ వెళ్లేదాన్ని.

పియానోకి మాత్రం మా కొండ పడలేదు. తేమకి లోపలి ఉన్ని పాడైంది, పురుగు కొట్టింది, తీగలు తుప్పుపట్టి తెగాయి. దాన్ని శ్రుతి చేసేవాడు ఎక్కడో మద్రాసులో ఉండేవాడు, ఘాటీ ఎక్కి వచ్చే మాట కల్ల. నాకు పదేళ్లు దాటేసరికి కుడివైపు పై భాగంలో ఐదు మెట్లు మూగబోయాయి. నొక్కితే బరువు లేకుండా కిందికి పోయేవి, పలికేవి కావు. వాయిస్తుంటే ఆ మెట్లు వచ్చినప్పుడల్లా, లెక్క తప్పకుండా ఉండటానికి, దొరసాని నా పక్కన కూర్చుని చెక్క మీద టక్కుమని కొట్టేది. కుట్టుపని చేసుకునేటప్పుడు వేలికి పెట్టుకునే ఇత్తడి తొడుగు ఆవిడ చేతికి ఎప్పుడూ ఉండేది, దానితో. అదే స్వరం కింది వరుసలో ఉంది కదా, అక్కడ నొక్కి వినొచ్చు కదా అని మీరనవచ్చు. వినొచ్చు. నేను వినలేదు. ఆ చోటు వచ్చేసరికి నా చెవికి టక్కు కావాలి, అది వస్తే ముందుకు పోయేదాన్ని. దాని గురించి ఆవిడా ఆలోచించలేదు, నేనూ ఆలోచించలేదు.

నాకు పదిహేడో ఏడు నడుస్తుండగా, ఏప్రిల్ నెలలో, రెండు కబుర్లు ఒకేసారి తెలిశాయి. మొదటిది, దొరసాని వచ్చే ఏప్రిల్‌కి తన దేశం వెళ్లిపోతుందని. మోకాళ్లు పనిచెయ్యడం లేదు, వయసైంది. పియానోని కింద ఎవరికో అమ్మేస్తారు. రెండోది, దొరసాని నా గురించి రాసినదానికి జవాబుగా, సముద్రం ఒడ్డున ఉన్న ఒక ఆడపిల్లల బడి నుంచి ఉత్తరం. అక్కడి పెద్ద దొరసానికి, పైతరగతుల పిల్లలకు పియానో చెప్పడానికి ఒక టీచరమ్మ కావాలి. వచ్చే ఫిబ్రవరిలో వచ్చి వాయించి చూపించాలి, జూన్‌లో చేరాలి. వాయించేది పైస్థాయి రచన అయివుండాలి, ఎందుకంటే వాళ్ల పిల్లలు అలాంటి పరీక్షకే చదువుతున్నారు. “మీ అమ్మాయికి ఫిబ్రవరికి అది వస్తుందో రాదో ముందు మీరు చెప్పండి. రాదంటే నేను ఇంకెవరినైనా చూసుకుంటాను” అని రాసింది.

నా పరిస్థితి ఇదీ. ఆ ఉద్యోగం వస్తే రోజూ నా ముందు ఒక పియానో ఉంటుంది. రాకపోతే నాన్న బడిలో చిన్న పంతులమ్మనై అక్షరాలు దిద్దించాలి, దొరసానితోపాటే పియానో ఘాటీ దిగిపోతుంది, ఇక ఈ జన్మలో నా వేళ్ల కింద మెట్టన్నది ఉండదు. మూడో దారి లేదు. అక్షరాలు దిద్దించడం తక్కువ పనని కాదు. నాన్న బతుకంతా అదే చేశాడు. కానీ నాకు పియానో కావాలి. అంతకంటే అందంగా ఆ మాట చెప్పడం నాకు చేతకాదు.

అంత స్థాయిది బంగళాలో ఒక్కటే ఉంది. పదకొండు పేజీలు. దాని పేరు నా నోటికి తిరిగేది కాదు, అందుకని ‘పెద్దది’ అనేదాన్ని. దొరసాని దాన్ని తన చిన్నతనంలో, తన ఊళ్లో, తన అక్క వాయిస్తుండగా రోజూ వినేదట. తనూ కొంత నేర్చుకుందట. పెళ్లై ఇటు వచ్చాక వదిలేసింది.

“నెల రోజుల్లో మొదటి పేజీ వచ్చేస్తుంది. పదకొండు పేజీలకి పదకొండు నెలలు. కొంచెం తొందరపడితే పది” అన్నాను నేను, కాగితం తిప్పి చూసి.

ఆవిడ నవ్వలేదు. “మొదటి పుటను చూచి లెక్క వేయవలదు. ఆ పుట అందరికినీ వచ్చును” అని, ఆరో పేజీ తీసింది. అందులో మూడో వరుస చూపించింది. కుడిచెయ్యి ఎనిమిది మెట్ల దూరం అందుకుంటూ ఎగరాలి, ఎడమచెయ్యి ఆగకుండా పరుగెత్తాలి. “దీనిని మాత్రమే ఏడు దినములు వాయింపుము. మరి ఏదియు వద్దు.”

ఆవిడ దగ్గర గడియారంలా టిక్కుటిక్కుమనే ఒక కొయ్యపెట్టె ఉండేది. దాని కడ్డీ మీద వేగం అంకెలు. మొదటిరోజు నేను ఆ వరుసను ఏ అంకె దగ్గర తప్పుల్లేకుండా వాయించగలిగానో రాసుకుంది. ఏడోరోజు మళ్లీ రాసుకుంది. మధ్యలో నాకు చుక్కలు కనబడ్డాయి. మూడుసార్లు మూత వేశాను, ఒకసారి వేలు నలిగింది. ఏడోరోజు సాయంత్రం ఆవిడ కాగితం మీద ఏదో కూడి, తీసేసి, “పదునాలుగు మాసములు” అంది.

మాకున్నవి పది.

నేను ఏడవలేదు, పోట్లాడాను. మీకు నా మీద నమ్మకం లేదన్నాను. ఆ పెట్టెకి నా సంగతేం తెలుసన్నాను. ఆవిడ ఓపిగ్గా విని, ఉత్తరానికి జవాబు మూడు రోజుల తరువాత రాస్తానంది. ‘పెద్దది’ ఉన్న కాగితాల కాపీ చంకలో పెట్టుకుని ఇంటికి వచ్చాను. ఇంటి అరుగు మీద, పియానో లేకుండా, ఉత్త కాగితాలు ముందేసుకుని కూర్చున్నప్పుడు నాకు గదబ పెద్దాయన పని గుర్తొచ్చింది. పెన్సిలు తీసుకుని, చెయ్యి దించుకోవడానికి వీలున్న ప్రతిచోటా గుర్తు పెట్టడం మొదలుపెట్టాను. ఒక పొడుగు స్వరం, ఒక చిన్న ఆగుడు, వేళ్లు కాస్త వదులు చేసుకునే సందు. మొదటి ఐదు పేజీల్లో గుర్తులు బోలెడు పడ్డాయి. అంటే అవి ఎంత నల్లగా కనిపించినా మోయగలిగినవే. ఆరో పేజీ రెండో వరుస నుంచి ఎనిమిదో పేజీ సగం దాకా ఒక్క గుర్తూ పడలేదు. వాగు మలుపు అదే.

అక్కడ ఆయన మనుషుల్ని మార్చాడు. నాకున్నవి రెండు చేతులే.

రెండు రోజులు ఆ రెండున్నర పేజీలతోనే కుస్తీ పట్టాను. చివరికి దొరికింది. కుడిచేతికని రాసిన స్వరాల్లో కొన్ని, నాలుగు చోట్ల, ఎడమచేతికి అందే దూరంలోనే ఉన్నాయి. ఎడమచెయ్యి వాటిని తీసుకుంటే కుడిచేతికి రవ్వంత విశ్రాంతి. పెట్టె నేల తాకదు, భుజం మారుతుంది. పరుగున బంగళాకి వెళ్లి చూపించాను. దొరసాని కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసింది. తను వాయించి చూసింది. “ఇది నీకు ఎవరు నేర్పిరి?” అంది. చెప్పాను. ఆవిడ నవ్వింది, ఆ తరువాత తన కాగితం తీసి మళ్లీ కూడింది. పద్నాలుగు పదకొండైంది. నేను ఊరుకుంటానా. వేధించి, బతిమాలి, అలిగి, పదికి దించాను.

అమ్మ గుమ్మం దగ్గర నిలబడి వింటోంది. “మరి వానాకాలం మాటేటి? నాలుగు నెల్లు ఆ పెట్టి ఉబ్బిపోద్ది గదా. నొక్కితే నొక్కినకాడే ఉండిపోతాది. అప్పుడేటి సేత్తావు?”

చదువుకున్నవాళ్లం ఇద్దరం కూర్చుని అంత లెక్క వేశాం గానీ, వాన మాట మా ఇద్దరికీ తట్టలేదు.

“నాను కుంపటెట్టి ఎండబెడతాన్లే” అని అమ్మే అంది. “రాసీయండి అమ్మగారూ. మా గుంట మొండిది. నేర్సుకుంటాది.”

దొరసాని ఆ సాయంత్రమే జవాబు రాసింది. వస్తుందని రాసింది. తన పేరు పెట్టి మాటిచ్చింది.

ఆ వానాకాలం నేనెప్పటికీ మరచిపోలేను. పొద్దున్నే అమ్మ పియానో కింది పలక తీసి, లోపల కుంపటి పెట్టేది. మంట లేకుండా, పొగ రాకుండా, నిప్పు మీద బూడిద కప్పి, చెక్క కాలకుండా చెయ్యి పెట్టి వేడి చూసుకుంటూ పక్కనే కూర్చునేది. రెండు మూడు గంటలకి మెట్లు ఒక్కొక్కటే వదులై పైకి లేచేవి. మధ్యాహ్నం నాకు దొరికేది ఆ కాసేపే. బయట పొగమంచులో బడి పిల్లల గొంతులు వినిపించేవి గానీ పిల్లలు కనిపించేవారు కాదు. అమ్మకి సంగీతం తెలియదు, అయినా నా ఆరో పేజీని గుర్తుపట్టేది. “అదిగో, ఆ మూలకెల్లేసరికి నీ ముకం మాడిపోతంది. నిన్నటికీ ఇయ్యాల్టికీ నాకు తేడా ఇనబడ్నేదు” అనేది. నాకు ఒళ్లు మండిపోయేది. ఆవిడ చెప్పేది నిజం కాబట్టి మరీ మండేది.

దసరా దాటాక ఒకరోజు ఆరో పేజీ నుంచి ఎనిమిదో పేజీ దాకా ఆగకుండా వెళ్లిపోయాను. వెళ్లిపోయానని తొమ్మిదో పేజీలోకి వచ్చాక గాని తెలియలేదు. అమ్మ కుంపటి దగ్గర్నుంచి తలెత్తి, “ఇనబడ్డాది” అంది. లేచి వెళ్లి ఆవిణ్ని కౌగలించుకున్నాను. చేతులకున్న బూడిదంతా నా జాకెట్టుకి అంటింది.

ఎనిమిదో పేజీ రెండో సగం నుంచి చివరిదాకా మాకు దిగులు లేదు. అక్కడ రచన పైకి, కుడివైపుకి పోతుంది. వేగం తక్కువ, చేతికి విశ్రాంతి ఎక్కువ. నా గుర్తుల ప్రకారం దిగుడు దారి. దొరసాని పెట్టె ప్రకారం కూడా సులువే. ఆ ఐదు మెట్లూ ఎక్కువగా వచ్చేది అక్కడే. దొరసాని టక్కుటక్కుమని కొడుతూ ఉండేది, నేను వాయించేదాన్ని. జనవరి ఆఖరుకి పదకొండు పేజీలూ వచ్చేశాయి. మొదటిసారి మొత్తం వాయించినరోజు ఆవిడ కళ్లు మూసుకుని విన్నది, వేలు మాత్రం చెక్క మీద కదులుతూనే ఉంది. అయిపోయాక కళ్లు తుడుచుకుంది. “సంపూర్ణము” అంది. నాకు కళ్లు నెత్తికెక్కాయి. పద్నాలుగన్నారు, పది నెలల్లో చేసి చూపించాను అనుకున్నాను.

ఫిబ్రవరిలో ఇద్దరం బయలుదేరాం. నాన్న బండిలో సాలూరు దాకా వచ్చి రైలెక్కించాడు. సముద్రం ఒడ్డు ఊళ్లో గాలి ఉప్పగా, వెచ్చగా ఉంది. బడి హాల్లో పియానో నల్లగా మెరుస్తోంది. అక్కడి పెద్ద దొరసాని పొడుగాటి మనిషి, తక్కువ మాటలు. కుర్చీ చూపించి, మొదలుపెట్టమంది. మా దొరసాని నాకు కొంచెం వెనగ్గా గోడ పక్కన కూర్చుంది. చెక్క మీద కొట్టడానికి ఇక్కడ అవసరం లేదు కదా. మెట్లన్నీ పలుకుతాయి.

ఆ పియానో ఎంత బాగుందో చెప్పలేను. నా వేళ్లు దాన్ని అడిగిందల్లా ఇచ్చింది. ఐదు పేజీలు అలవోకగా సాగాయి. వాగు మలుపులోకి వెళ్లాను, నాలుగు చోట్లా భుజం మార్చాను, బయటికి వచ్చాను. పెద్ద దొరసాని కుర్చీలో ముందుకు వంగడం ఓరకంట చూశాను. ఎనిమిదో పేజీ సగం దాటింది. కుడిచెయ్యి పైకి వెళ్లింది, మొదటి మూగమెట్టు మీద పడింది.

అది పలికింది.

సన్నగా, నీళ్లలా, అంత పైనుంచి పలికింది. నా చెయ్యి ఆగిపోయింది. తప్పు వచ్చి ఆగలేదు, భయపడి ఆగలేదు. పది నెలలుగా రోజూ వాయిస్తున్న చోట, నేనెప్పుడూ విననిది ఒకటి ఉంది. మళ్లీ నొక్కాను. మళ్లీ పలికింది. పక్కన ఒకటి విడిచి రెండోది నొక్కాను. మూడోది, నాలుగోది, ఐదోది. ఎక్కడున్నానో, ఎందుకొచ్చానో మరచిపోయి, చిన్నపిల్లలా ఆ ఐదింటినీ ఒకదాని తరువాత ఒకటి నొక్కుకుంటూ కూర్చున్నాను.

“ఎందుకు ఆపావు?” అంది పెద్ద దొరసాని.

“ఇవి పలుకుతాయండీ” అన్నాను.

మళ్లీ ఎనిమిదో పేజీ నుంచి మొదలుపెట్టమంది. పెట్టాను. ఆ చోటు వచ్చేసరికి నా చెవులు టక్కు కోసం ఎదురుచూశాయి. అది రాలేదు, దాని చోట స్వరం వచ్చింది, లెక్క చెదిరింది. పైగా మా బంగళా మూగమెట్లకి బరువు లేదు, వీటికి ఉంది. వేలు అక్కడ మునిగి ఆలస్యంగా లేచింది. మూడోసారి ఇంకా ముందే తడబడ్డాను. మేమిద్దరం సులువని తేల్చిన ఆ మూడున్నర పేజీలూ నాకు రావని అప్పుడు తెలిసింది. నేను నేర్చుకున్నది చేతుల కదలిక. రచన నాకు తెలియదు.

వెనక దొరసాని లేచి నిలబడింది. “నాకు వినబడుచుండెను” అంది మెల్లగా. “నా బాల్యమునుండి నాకు తెలియును గనుక ఆ స్వరములు నాకు ఎల్లప్పుడు వినబడుచుండెను. నీకును వినబడుచున్నవనుకొంటిని. నేను కొట్టినది చెక్కయని మరచితిని.”

పెద్ద దొరసాని కటువు మనిషి కాదు. ఇంగ్లీషులో, నెమ్మదిగా మాట్లాడింది. మొదటి ఏడున్నర పేజీలు తనకి నచ్చాయంది. చేతులు మార్చుకునే ఆ పద్ధతి ఎక్కడా చూడలేదంది. నేను ఇవాళ్టి నుంచే అక్కడ ఉండిపోయి, ఆ పియానో మీద సాధన చేసుకోవచ్చంది. కానీ జూన్‌లో పిల్లలు వస్తారు, డిసెంబరులో వాళ్లకి పరీక్ష. ఇంకో అమ్మాయి దరఖాస్తు కూడా తన దగ్గరుంది, ఆవిడకి ఇవాళే జవాబు రాయాలి. అందుకని ఒక్క మాట కావాలంది. మా దొరసాని వైపు తిరిగింది. “జూన్‌కి ఈమెకు వస్తుందని మీరు హామీ ఇస్తారా?”

దొరసాని నోరు తెరిచింది. ఆవిడ ఏం చెప్పబోతోందో ఆవిడ కళ్లలో నాకు కనిపించింది. ఇస్తాననబోతోంది. లెక్క చూసుకుని కాదు, నా ముఖం చూసి. జీవితంలో అబద్ధం ఆడని మనిషి, రెండు నెలల్లో ఓడ ఎక్కబోతూ, నాకోసం ఒక అబద్ధం మీద తన పేరు పెట్టబోతోంది.

లెక్క నాకు తెలుసు. పది నెలలుగా వేళ్లకి అలవాటైనదాన్ని ముందు విప్పాలి, తరువాత మళ్లీ కుట్టాలి. కొత్తగా కుట్టడం కంటే విప్పి కుట్టడం ఎక్కువ పని. ఆ మూడున్నర పేజీలకి, మంచి పియానో మీదైనా, జూన్ చాలదు. నాలుగు నెలలు చాలునని అనడానికి నా నాలుక దురదపెట్టింది. ఎప్పుడూ అలాగే కదా అన్నాను. నా ముందు ఆ నల్లటి పియానో మెరుస్తోంది. ఉండిపొమ్మంటున్నారు కూడా.

“రాదండీ” అన్నాను, ఆవిడ కంటే ముందు. “జూన్‌కి రాదు. క్రిస్మస్‌కి వస్తుందేమో.”

పెద్ద దొరసాని తలూపింది. కృతజ్ఞతలు చెప్పింది. మాకు టీ ఇప్పించింది. నేను మంచిపని చేశానని అప్పుడు నాకేమీ అనిపించలేదు. నోరు మూసుకుంటే పోయేది కదా అనిపించింది. చాలా ఏళ్లు అలాగే అనిపించింది.

తిరుగు ప్రయాణంలో బొబ్బిలిలో దిగి సాలూరు రైలెక్కాం. ఆ చిన్న బండిలో మా పెట్టెలో సంతకి వెళ్లే ఆడవాళ్లు, బెల్లం బుట్టలు, ఒక మేక. బండి కదిలాక దొరసాని సంచీలోంచి కాపీ తీసి, ఎనిమిదో పేజీ నా ఒళ్లో పెట్టింది.

“వేళ్లు పెట్టు” అంది. ఆవిడ నాతో అంత మామూలు తెలుగు మాట్లాడటం అదే మొదలు.

కాపీ పక్కకి జరిపి, నా మోకాళ్ల మీద వేళ్లు పెట్టాను. ఆవిడ పాడటం మొదలుపెట్టింది. అరవై దాటిన గొంతు, బొంగురు గొంతు, పైస్థాయికి వెళ్లేసరికి చీలిపోతోంది. ఆడవాళ్లు నోళ్లు తెరుచుకుని చూశారు. ఆవిడ లెక్కచెయ్యలేదు. ఏడేళ్లుగా చెక్క మీద కొట్టిన ఒక్కొక్క స్వరాన్నీ గొంతుతో పలికింది. తడబడితే ఆగి, వెనక్కి వెళ్లి, మళ్లీ పాడింది. నేను మోకాళ్ల మీద వాయించాను. మొదట్లో వేళ్లు టక్కు కోసం ఆగుతూనే ఉన్నాయి. పార్వతీపురం వైపు కొండలు కిటికీలో కనబడేసరికి ఎనిమిదో పేజీ సాగింది. తొమ్మిదిలో ఒక చోట రచన ఎందుకు పైకి వెళ్తోందో మొదటిసారి అర్థమైంది. అప్పుడు ఏడుపొచ్చింది. వేళ్లు ఆపకుండానే ఏడ్చాను.

సాలూరు ఆ లైనుకి ఆఖరి స్టేషన్. అందరూ దిగిపోయారు, మేక కూడా దిగిపోయింది. మేము దిగలేదు. నాన్న బండి కట్టుకుని వచ్చి ప్లాట్‌ఫారం మీద వెతుక్కుంటూ మా కిటికీ దగ్గరికి వచ్చాడు. లోపల దొరసాని పాడుతోంది, నేను ఒట్టి మోకాళ్ల మీద వేళ్లు ఆడిస్తున్నాను.

“ఉద్యోగం ఇచ్చారామ్మా?” అన్నాడు.

“లేదు నాన్నా. కొంచెం ఆగు, ఇంకా ఒక పేజీ ఉంది.”

నాన్న వెళ్లి ఎడ్లకి గడ్డి వేసి, మా కోసం కూర్చున్నాడు.